డెబ్బైల నాటి చవక కుంగ్ ఫూ సినిమాని నిరాశ పడకుండా చూడటం ఎలా?

"పాత కుంగ్ ఫూ సినిమా ఒకటి పెట్టాం, పావుగంటకే ఆపేశాం, ఒట్టి చెత్త" అని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే. ఏ ప్రింటు చూశారు? చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. వెతికితే ఏది ముందు కనపడిందో దాన్ని నొక్కేసి ఉంటారు. రంగు వెలిసిపోయి, రెండు పక్కలా బొమ్మ తెగిపోయి ఉన్న కాపీ చూసి, తిట్లు మాత్రం సినిమాకి పెడతారు.

ఇరవై ఏళ్లుగా ఈ సినిమాలు చూస్తున్నాను, పదిమందికీ చూపిస్తున్నాను. 1970ల్లో హాంకాంగ్‌లో, తైవాన్‌లో తక్కువ డబ్బుతో, హడావుడిగా చుట్టేసినవి లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో నిజంగానే ఉసూరుమనిపించేవి ఎక్కువ, కాదనను. కానీ తప్పు సినిమాదో కాపీదో తేల్చుకోకుండా తీర్పు చెప్పేస్తే, ఆ ఎండలో దుమ్ములో నిజంగా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకి అన్యాయం చేసినట్టే.

కావలసినవి

టీవీ, రెండు గంటల టైమ్, పక్కన ఇంకో మనిషి. ఫోన్‌లో చూడకూడదు, ఒంటరిగా అసలే చూడకూడదు. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టండి. నమలడానికి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు చాలు. చిప్స్, పాప్‌కార్న్ వద్దు, ఆ కరకరల్లో దెబ్బల చప్పుడు వినపడదు.

1. పోస్టర్ మీద బొమ్మని నమ్మకండి

బ్రూస్ లీ 1973 జూలై 20న చనిపోయాడు, 32 ఏళ్లకే. పెద్దవాడయ్యాక హీరోగా పూర్తిచేసిన సినిమాలు నాలుగే: 1971లో 'ది బిగ్ బాస్', 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'వే ఆఫ్ ది డ్రాగన్', 1973లో 'ఎంటర్ ది డ్రాగన్'. జనానికి ఇంకా కావాలి, ఆయన లేడు. దాంతో నిర్మాతలు కొత్త మనుషుల్ని పట్టుకుని ఆ పేరే కాస్త మార్చి పెట్టేశారు. తైవాన్ నటుడు హో చుంగ్ టావ్ 'బ్రూస్ లి' అయ్యాడు. బర్మాలో పుట్టిన హువాంగ్ కిన్ లుంగ్ 'బ్రూస్ లె' అయ్యాడు. కొరియా నుంచి వచ్చినతను 'డ్రాగన్ లీ'. మన లిపిలో చెప్పాలంటే దీర్ఘం తీసేసినంత తేడా, అంతే.

నేను హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద పది సినిమాల డీవీడీ సెట్ ఒకటి కొన్నాను. అట్ట మీద పసుపు డ్రెస్సు, గుండె మీద గీరిన గాట్లు, ఆ చూపు. ఇంటికొచ్చి పదీ చూశాను. బ్రూస్ లీ ఒక్కదాంట్లోనూ లేడు. అప్పట్నుంచి అట్ట చూసి కొనడం మానేశాను, మీరూ మానేయండి.

అసలు మనిషి ఉన్న సినిమాతో కూడా జాగ్రత్తగా ఉండాలి. 'గేమ్ ఆఫ్ డెత్' కోసం 1972లో ఆయన కొన్ని ఫైట్లు తీసి పక్కన పెట్టాడు. 1978లో డూపుల్ని పెట్టి, వేరే కథ అల్లి దాన్ని విడుదల చేశారు. ఒక సీన్‌లో హీరో అద్దం ముందు కూర్చుని ఉంటాడు. ఆ అద్దంలో కనిపించే ముఖం అట్టముక్క మీది బ్రూస్ లీ ఫొటో, కత్తిరించి అద్దానికి అతికించింది. కింద డూపు భుజాలు కదులుతుంటాయి, ముఖం మాత్రం కదలదు. ఆయన నిజమైన అంత్యక్రియల దృశ్యాలు కూడా అందులో వాడారు. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ మనసు బాధపడుతుంది. చివర్లో పది నిమిషాలకు పైగా ఆయన తీసిన అసలు ఫైట్లు వస్తాయి, దాని కోసమే అది చూడాలి.

2. పేరు పక్కన పెట్టి సంవత్సరం, దర్శకుడు చూడండి

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకే సినిమా నాలుగు పేర్లతో తిరుగుతుంది. 1972 నాటి 'కింగ్ బాక్సర్' అమెరికాలో 'ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్' అయింది. 'ది బిగ్ బాస్' అక్కడ 'ఫిస్ట్స్ ఆఫ్ ఫ్యూరీ' పేరుతో వెళ్లింది, అసలు 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' ఏమో 'ది చైనీస్ కనెక్షన్' అయింది. పేరు పెట్టి వెతికితే తప్పు సినిమా ముందు కూర్చుంటారు.

3. ప్రింటు చూసుకోండి. అందరూ దెబ్బతినేది ఇక్కడే

ఈ మెట్టు సరిగ్గా చేస్తే మిగతావాటిలో తప్పు చేసినా ఫర్వాలేదు. ఇది వదిలేస్తే మిగతావన్నీ దండగ.

ఆ కాలపు కుంగ్ ఫూ సినిమాల్లో చాలావాటిని స్కోప్‌లో తీశారు. హాంకాంగ్‌లో పెద్ద స్టూడియో అయిన షా బ్రదర్స్ వాళ్లు దాన్ని 'షాస్కోప్' అని తెర మీద గొప్పగా వేసుకునేవారు. బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 2.35. మనకిది తెలియనిది కాదు, 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా 'అల్లూరి సీతారామరాజు' వచ్చినప్పుడు హాల్లో తెర ఎంత వెడల్పో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ వెడల్పు బొమ్మని పాత టీవీ డబ్బాలో కుక్కాలంటే పక్కలు కోయాల్సిందే. పాత టీవీ వెడల్పు 1.33. లెక్క కట్టండి, నూటికి 43 పాళ్ల బొమ్మ పోయింది.

ప్రేమకథ అయితే దాంతో పెద్దగా నష్టం లేదు. ఫైటు పరిస్థితి వేరు. స్కోప్ సినిమాలో ఫైట్ మాస్టర్ ఒకణ్ణి ఎడమ చివర, ఇంకొకణ్ణి కుడి చివర నిలబెడతాడు. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఫైటంతా ఆ ఖాళీలోనే ఉంది, ఎవడు ఎప్పుడు దాన్ని దాటతాడా అని చూస్తాం. కోసేసిన కాపీలో ఒక పక్క సగం ముక్కు, ఇంకో పక్క ఒక మోచెయ్యి, నడిమధ్య ఎవరూ లేని గోడ. ఎక్కడి నుంచో పిడికిలి ఊడిపడుతుంది, ఎవరో పడిపోతారు. "వీళ్లకి ఫైటు తీయడం రాదు" అంటారు చూసినవాళ్లు. తీసినవాళ్లకి బాగానే వచ్చు. మీ దాకా రాలేదు.

కోసిన కాపీని ఎలా పట్టుకోవాలో చెప్తాను. మొదటి అయిదు నిమిషాల్లోనే తేల్చేయాలి.

టైటిల్స్ చూడండి. అక్షరాలు రెండు పక్కలా తెగితే అక్కడే ఆపేయండి. కొన్ని కాపీల్లో టైటిల్స్ పూర్తిగా పట్టడానికి బొమ్మని అటూ ఇటూ నొక్కుతారు. మనుషులు వెదురుబొంగుల్లా సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. టైటిల్స్ అయిపోగానే ఠక్కున మామూలుగా అయిపోతారు. ఆ క్షణం నుంచే పక్కలు పోయాయని అర్థం.

తర్వాత సబ్‌టైటిల్స్. అప్పటి హాంకాంగ్ ప్రింట్లలో చైనీస్, ఇంగ్లీషు వరసలు బొమ్మ మీదే ముద్రించి ఉండేవి. ఆ వరస మొదలూ చివరా లేకుండా మధ్య ముక్కే కనిపిస్తుంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

ఇప్పుడొక కొత్త మోసం వచ్చింది, దీన్ని జాగ్రత్తగా చదవండి. పాత కోసిన కాపీనే తీసుకుని, ఈ కాలం టీవీకి నిండుగా కనపడాలని పైనా కిందా మళ్లీ కోస్తారు. తెర నిండా బొమ్మ ఉంది కదా అని మనం సంతోషిస్తాం. దీనికి నా పరీక్ష కాలు. ఎవరైనా పైకి తన్నినప్పుడు నేల మీద ఆనించిన రెండో పాదం కనిపించాలి. అది మడమ మీద ఎలా తిరిగిందో చూస్తేనే ఆ తన్నులో బలం ఉందో లేదో తెలుస్తుంది. తల, పాదం రెండూ తెగి, నడుమూ మోకాలే కనిపిస్తుంటే ఆ కాపీ వద్దు. కోయకుండా సాగదీసినవీ ఉంటాయి. వాటికి చందమామనో, బండి చక్రాన్నో, గుడిలో గంటనో వెతకండి. గుండ్రంగా లేక గుడ్డులా ఉంటే సాగదీశారని అర్థం.

చివరిది నిడివి. ఇక్కడ తొందరపడి మంచి కాపీని పారేసినవాళ్లూ ఉన్నారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన దేశంలో, యూరప్‌లో వాడిన పాల్ (PAL) పద్ధతి టీవీలో అది 25తో ఆడుతుంది. అందుకే 100 నిమిషాల సినిమా 96 నిమిషాలు చూపిస్తుంది, అందులో ఏమీ కోయలేదు. అయిదారు నిమిషాలకు మించి తేడా ఉంటేనే అనుమానించండి. బ్రిటన్ కాపీలైతే ఇంకొంచెం జాగ్రత్త. అక్కడి సెన్సార్ 1979 నుంచి నన్‌చాకు, అంటే గొలుసుతో కలిపిన రెండు కర్రల ఆయుధం, కనపడితే చాలు తీసేయించేది, 'ఎంటర్ ది డ్రాగన్'నీ వదల్లేదు.

ఇంత తంటా ఎందుకు, ఫైట్లు మాత్రం కలిపిన వీడియో ముక్కలున్నాయి కదా అని మా బంధువుల్లోనే ఒకరు వాదిస్తారు. ఒప్పుకోను. గురువు దగ్గర నీళ్లు మోసి, చేతులు కాల్చుకుని, అవమానపడ్డ గంట చూడకపోతే చివరి దెబ్బకి విలువేముంది?

మంచి కాపీ కావాలంటే షా బ్రదర్స్ సినిమాలతో మొదలుపెట్టండి. ఆ నిధి మొత్తాన్ని సెలెస్టియల్ పిక్చర్స్ కొని, 2002 నుంచి శుభ్రం చేసి విడుదల చేసింది.

4. భాష

మాండరిన్ ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. 1978 తర్వాతి జాకీ చాన్ కామెడీలకైతే హాంకాంగ్ జనం మాట్లాడే కాంటనీస్. ఇంగ్లీషు డబ్బింగ్ వద్దు. పెదాల కదలికకి సరిపోవాలని అక్కర్లేని మాటలన్నీ కుక్కుతారు, పెద్ద మనిషి కూడా చంటిపిల్లాడిలా మాట్లాడతాడు. "మాండరిన్ కూడా డబ్బింగే కదా" అని తెలిసినవాళ్లు పట్టుకుంటారు. నిజమే, అప్పట్లో చాలా సినిమాలు శబ్దం లేకుండా తీసి తర్వాత గొంతులు వేసేవారు. అయినా ఆ మాటలు ఆ కథ కోసం రాసినవి.

5. ఇక చూడండి

డబ్బు లేని చోట్లు కనపడతాయి, వాటిని క్షమించండి. సెట్‌కి డబ్బుల్లేక ఊరవతల గడ్డిమైదానంలోనే సగం సినిమా నడుస్తుంది. అర్ధరాత్రి అంటారు, నేల మీద ఎండ నీడలు పడుతుంటాయి. గుండులా కనపడాలని తలకి వేసిన తొడుగు అంచు నుదుటి మీద గీతలా తేలుతుంది. సంగీతం ఎక్కడెక్కడిదో తెచ్చి అతికిస్తారు. 1976లో జిమ్మీ వాంగ్ యు తీసిన 'మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలటిన్'లో జర్మన్ బ్యాండ్ 'నోయ్' పాట వినిపిస్తుంది, అదేమో భలే కుదిరింది.

క్షమించకూడనిది ఒక్కటే, ఫైటులో దొంగతనం. కెమెరా నెమ్మదిగా తిప్పి తీసి, తెర మీద మనుషుల్ని వేగంగా పరిగెత్తించడం. మనుషుల్ని చూడకండి, వాళ్ల బట్టల్ని చూడండి. చొక్కా అంచు ఈగ రెక్కలా టపటపలాడుతుంటే అది కెమెరా వేగం, మనిషిది కాదు.

సినిమా అయిపోయాక లైటు వేయకండి. చివరి ఫైటు దగ్గరికి వెనక్కి వెళ్లి, సౌండ్ పూర్తిగా తీసేసి మళ్లీ చూడండి. షాట్ మారకుండా ఎన్ని దెబ్బలు ఇటూ అటూ నడిచాయో పక్కనున్న మనిషి వేళ్ల మీద లెక్కపెట్టాలి. మూడు నాలుగుకే ప్రతిసారీ షాట్ మారిపోతుంటే ఆ సినిమా మీద మీ కోపం న్యాయమైనదే. పది దాటితే టైటిల్స్‌కి వెళ్లి ఫైట్ మాస్టర్ ఎవరో చూసి రాసుకోండి. లావ్ కార్ లెయుంగ్, యుయెన్ వూ పింగ్, సామో హంగ్ పేర్లు అలా రాసుకున్నవే నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నాయి. తర్వాతి సినిమా వెతికేటప్పుడు హీరో పేరుతో కాదు, ఆ పేరుతో వెతకండి.