చిన్న గుర్రం కొనబోతున్నారా? ముందు టేపు, రసమట్టం తీసుకోండి

షాద్‌నగర్, ఆమనగల్లు, చౌటుప్పల్ వైపు ఫామ్‌హౌస్‌లలో పుంగనూరు ఆవు పక్కన ఈ మధ్య మినియేచర్ గుర్రం కూడా కనబడుతోంది. కొనేవాళ్లు మొదట అడిగే మాట “ఇంకా చిన్నది ఉందా?” అని. 28 అంగుళాల గుర్రం ఫోన్‌లో చూస్తే ముద్దొస్తుంది, నిజమే. కానీ ఒళ్లు ఎంత చిన్నదైతే మన పొరపాటును తట్టుకునే శక్తి అంత తక్కువ. మేత, మందు, ఊరకుక్క, ఎండ, ఏది తీసుకున్నా ఇదే లెక్క. 28కీ 38కీ మధ్య తేడా పది అంగుళాలే అనిపిస్తుంది గానీ బరువు రెట్టింపు దాటుతుంది. 28 అంగుళాలది సుమారు 60 కిలోలు ఉంటుంది. 34ది 85 నుంచి 110, 38ది 130 నుంచి 160 కిలోల దాకా తూగుతాయి.

ఎత్తు ఎక్కడ కొలిచారు?

అమెరికాలో 1978లో ఏర్పడ్డ మినియేచర్ హార్స్ అసోసియేషన్ పెట్టుకున్న హద్దు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. అక్కడి మరో రిజిస్ట్రీ రెండు తరగతులు చేసింది. 34 దాకా ‘ఎ’, అది దాటి 38 దాకా, అంటే 96.5 సెంటీమీటర్ల దాకా ‘బి’. మన దగ్గర బేరానికి వచ్చేవాటిలో చాలావాటికి ఏ కాగితమూ ఉండదు. నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతర నుంచో, నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా సంత నుంచో చేతులు మారి వచ్చిన పొట్టి జాతి గుర్రాన్ని కూడా మినియేచర్ అనే అమ్మేస్తారు. కాగితం లేనప్పుడు టేపే కాగితం.

మామూలు గుర్రాన్ని మూపు మీద ఎత్తైన చోట కొలుస్తారు. మినియేచర్‌ను ఆ సంఘాల పద్ధతిలో జూలు ముగిసే చోట, ఆఖరి వెంట్రుక మొదట్లో కొలుస్తారు. ఆ చోటు మూపు కంటే కిందికి ఉంటుంది కాబట్టి ఒకే గుర్రం రెండు కొలతల్లో అంగుళం, ఒక్కోసారి రెండంగుళాలు తేడా చూపిస్తుంది. అమ్మేవాళ్లు 33 అన్నారంటే “ఎక్కడ కొలిచారు?” అని అడగండి. జవాబుకు తడబడ్డారంటే కొలవలేదన్నమాట.

కొలిచే తీరు ఇది. తాండూరు బండలు పరిచిన వరండా లాంటి చదును నేల మీద నిలబెట్టండి. మట్టి నేల పనికిరాదు, ముందుకాళ్లు పల్లంలో ఉంటే అంగుళం మాయమవుతుంది. ముందుకాళ్లు రెండూ నిటారుగా, ఒకే వరసలో ఉండాలి. తల మరీ ఎత్తకుండా, మరీ దించకుండా చూసుకోండి. కొత్త మనిషి దగ్గరికి రాగానే గుర్రం ఒళ్లు బిగబడుతుంది. రెండు నిమిషాలు ఊరికే నిలబడనిచ్చి, అది ఊపిరి వదిలాక మొదలుపెట్టండి. వంకర లేని చెక్కపట్టీని జూలు ఆఖరు మీద అడ్డంగా ఆనించి, పైన రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చాక పట్టీ అడుగు నుంచి నేలకు స్టీలు టేపుతో కొలవాలి. దర్జీ టేపును ఒంటి మీదుగా జార్చి కొలిస్తే భుజం వంపు కూడా కలిసి ఎత్తు ఎక్కువ వస్తుంది. మూడుసార్లు కొలవండి. అర అంగుళానికి మించి తేడా వస్తే మళ్లీ మొదటికి రండి. గిట్టలు పెరిగి ముందుకు సాగి ఉంటే ఆ ఎత్తు కూడా కలుస్తుంది, అది మనసులో తీసేసుకోవాలి.

తర్వాత నోరు తెరిపించండి. ముందరి పాలపళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరేళ్లకు, చివరి జత నాలుగున్నరేళ్లకు ఊడి కొత్తవి వస్తాయి. ఆరు పళ్లూ చిన్నగా, తెల్లగా పాలపళ్లే ఉంటే అది ఇంకా ఎదుగుతున్న పిల్ల. మినియేచర్ పిల్ల ఏడాదికల్లా తన ఎత్తులో సుమారు 90 శాతానికి చేరుతుంది. అంటే ఏడాది వయసులో 30 ఉన్నది 33 దాకా పోతుంది. “పెద్దదే, ఇక పెరగదు” అన్న మాటను పళ్లతో సరిచూడాలి. మామూలు పోనీ పిల్లనే మినియేచర్‌గా అంటగట్టే మోసం కూడా ఉంది. కాళ్లు ఒంటికి మించి పొడుగ్గా, జూలు బ్రష్షులా నిక్కి, తోక కురచగా మెత్తగా ఉంటే అనుమానించండి. మేత లేక గిడసబారినదైతే పక్కటెముకలు తేలి, పొట్ట వేలాడుతూ, ఎండాకాలం వచ్చినా బొచ్చు రాలకుండా ఉంటుంది.

మరీ పొట్టిదానిలో ఇంకో లోపం దాగి ఉండొచ్చు. ఏకాన్ అనే జన్యువులో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిల్ల మరుగుజ్జుగా పుడుతుంది. అతి పొట్టి గుర్రంగా గిన్నిస్‌కెక్కిన అమెరికాలోని థంబలీనా ఎత్తు 17.5 అంగుళాలు, అది మరుగుజ్జే. ఉబ్బిన నుదురు, ఒంటికి మించిన తల, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, పొట్టి మెడ, వంకర కాళ్లు దీని గుర్తులు. ఇలాంటివాటికి కీళ్ల బాధ, పళ్ల బాధ జీవితాంతం వదలవు. ముద్దుగా ఉందని ఎక్కువ డబ్బు పెట్టి కొనేది చాలాసార్లు దీన్నే.

పనిని బట్టి లెక్క

పిల్లలు ఎక్కడానికైతే గుర్రం బరువులో ఐదో వంతు మించొద్దు, జీను బరువు కూడా అందులోనే. 34 అంగుళాలది 95 కిలోలుంటే మోయగలిగేది 19. జీనుకు మూడు కిలోలు పోతే మిగిలేది 16, అంటే నాలుగేళ్ల పిల్ల. 38ది 145 కిలోలైతే 29, జీను పోను 26, ఏడెనిమిదేళ్ల పిల్ల. 28, 30 అంగుళాలవాటి మీద ఎవరినీ ఎక్కించొద్దు. పుట్టినరోజు ఫంక్షన్లలో గంటల తరబడి పిల్లల్ని తిప్పే పనికైతే 38 కూడా చాలదు, పెద్ద పోనీ చూసుకోండి.

బండికి లెక్క వేరు. చదును రోడ్డు మీద బండి, మనిషి కలిపి గుర్రం బరువుకు ఒకటిన్నర రెట్ల దాకా లాగగలదు. 145 కిలోలది 217 లాగుతుంది, 45 కిలోల బండీ 70 కిలోల మనిషీ హాయిగా సరిపోతారు. 70 కిలోలది 105 దగ్గరే ఆగిపోతుంది, వాగు ఇసుకలోనో ఎక్కుడు బాటలోనో అదీ చేతకాదు. ఏ సైజుదైనా మూడేళ్లు నిండనిదే బండి కట్టొద్దు.

ఈనిపించాలనుకుంటే 32కి లోపు ఆడదాన్ని పక్కన పెట్టండి. కటి సన్నం, పిల్ల తల పెద్దది. కాన్పు అడ్డం తిరిగితే డాక్టర్ చెయ్యి లోపలికి పట్టదు. మగది ఎప్పుడూ ఆడదానికంటే పొట్టిదై ఉండాలి.

మన నేల, మన మేత

ఇక్కడే ఎక్కువ గుర్రాలు పోతాయి. రోజుకు మేత ఒంటి బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, ఎండు లెక్కన. 65 కిలోలదానికి కిలో నుంచి కిలోం పావు, 140 కిలోలదానికి రెండు నుంచి రెండు ముప్పావు కిలోలు. అంత చిన్న ప్రాణికి అంతేనా అని జాలిపడి రొట్టె, అన్నం, బెల్లం పెడితే గిట్టల లోపల వాపొచ్చి లామినైటిస్ అవుతుంది, నడవలేదు. ఉలవలు గుర్రానికి పేరున్న దాణానే. కానీ అవి బండి లాగే గుర్రానికి. ఊరికే తిరిగే చిన్నదానికి గుప్పెడు కూడా అక్కర్లేదు.

గరిక ఎండబెట్టింది అన్నిటికన్నా మంచిది. పాలమూరు వైపు పల్లికట్టె సులువుగా దొరుకుతుంది. దులిపి, బూజు లేనిది చూసి, మేతలో మూడో వంతు మించకుండా పెట్టొచ్చు. వరిగడ్డి ఒక్కటే పెడితే పేగు బిగుస్తుంది. సన్నని పేగు గల 28 అంగుళాలదానికి ఈ బిగుసుకోవడం మరీ ఎక్కువ. సూపర్ నేపియర్‌లో, అంజన్ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. నెలల తరబడి అదే వేస్తే ఒంట్లో కాల్షియం తగ్గి ముఖం ఎముక ఉబ్బుతుంది. పచ్చజొన్న అసలు వద్దు. బర్రెకు పెట్టేదే కదా అనుకుంటారు, కానీ గుర్రానికి మూత్రం ఆగదు, వెనక కాళ్లు తూలతాయి.

కోళ్ల దాణా మీద కన్నేసి ఉంచండి. కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా అందులో మోనెన్సిన్, సాలినోమైసిన్ కలుపుతారు. కోడికి మందు, గుర్రానికి గుండెను తినే విషం. 70 కిలోల గుర్రం కిలోన్నర దాణా మెక్కితే చచ్చిపోవచ్చు, అంతకన్నా తక్కువ తిన్నా గుండె దెబ్బతింటుంది. దాణా మూటలున్న గదికి గొళ్లెం చాలదు, తాళం వేయండి. ఆముదం గింజలూ, పొలానికి ఎరువుగా తెచ్చిన ఆముదపు పిండీ అంతే. ఫామ్‌హౌస్ ప్రహరీ వెంట గన్నేరు ఉంటే గుర్రాన్ని తెచ్చేలోపే పీకించి, కొమ్మలు అక్కడ ఎండనివ్వకుండా బయట పారేయించండి. ఎండిన ఆకులోనూ విషం పోదు.

ఎర్రచల్క నేల మీద మేత వేస్తే ఇసుక కడుపులోకి పోతుంది, రబ్బరు తొట్టిలో వేయండి. నీళ్లు చల్లని రోజుల్లో వంద కిలోలకు ఐదు లీటర్లు, మే నెలలో దానికి రెట్టింపు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఎదిగే పిల్లకు భగీరథ నల్లా నీళ్లే పెట్టండి. చిన్న దవడలో మామూలు గుర్రానికున్నన్ని పళ్లూ ఇరుక్కుని ఉంటాయి, వాటికి ఫ్లోరైడ్ అరుగుదల తోడైతే నమలడం కష్టమవుతుంది.

ఏ కారణం చేతైనా ఒక పూట మేత ముట్టకపోతే రేపు చూద్దామనుకోవద్దు. మినియేచర్‌లు ఆకలితో ఉంటే ఒంటి కొవ్వు కరిగి నెత్తురులో చేరి కాలేయం పాడవుతుంది. లావుగా ఉన్నవాటికీ, చూలుతో ఉన్నవాటికీ ఇది మరీ తొందరగా వస్తుంది. అదే రోజు పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. లావు తగ్గించాలని పస్తులు పెట్టడమూ ఇందుకే ప్రమాదం.

మందు ఎప్పుడూ తూకంతో వేయాలి. నట్టల మందు ఐవర్‌మెక్టిన్ పేస్టు ట్యూబు ఒక్కటి ఐదారు వందల కిలోల గుర్రానికి సరిపోయేది. పత్తి తూకం వేసే కాటా మీద ప్లైవుడ్ పలక పరిచి నిలబెడితే బరువు ఖాయంగా తెలుస్తుంది, కళ్లతో అంచనా వేస్తే 20 కిలోలు ఇటో అటో పోతాయి. ధనుర్వాతం, రేబిస్ టీకాలు ఏటా వేయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు కోయించాలి. నాడాలు అక్కర్లేదు గానీ గిట్టలు కోసే నాల్‌బంద్ దొరక్క ఇబ్బందిపడేది ఇక్కడే, కొనకముందే ఒకరిని మాట్లాడుకోండి.

కుక్కల గుంపు 28 అంగుళాలదాన్ని మేకను పడేసినట్టే పడేస్తుంది. 36 దాటినది కనీసం వెనక కాళ్లతో తన్నగలదు, అయినా రాత్రి కొట్టంలో కట్టాల్సిందే. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చిరుతలున్న చోట పైన కూడా జాలీ ఉండాలి. ముండ్ల తీగ కంచె వద్దు. నాలుగడుగుల జాలీ నేలకు ఆనుకుని ఉండాలి, అడుగు సందున్నా చిన్నది కింద నుంచి దూరిపోతుంది.

మొదటిసారి కొనేవాళ్లు 34–36 అంగుళాల మధ్య, ఐదేళ్లు దాటిన, వృషణాలు తీయించిన మగదాన్ని చూడండి. జతగా రెండు తీసుకోండి, ఒంటరి గుర్రం కంచె వెంట తిరిగి తిరిగి చిక్కిపోతుంది. 30 లోపుది కావాలంటే రోజంతా దగ్గర ఉండే మనిషి, గోడల కొట్టం ముందే సిద్ధంగా ఉండాలి. బయానా ఇచ్చాక, బండి ఎక్కించకముందే డాక్టర్‌తో నెత్తురు తీయించి గ్లాండర్స్ పరీక్షకు పంపించండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఖాయం చేసే పరీక్ష ఇది. రిపోర్టు చేతికి వచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వొద్దు.