పెరోవ్‌స్కైట్ పొర పసుపుబారిందా? ముందు అది ఏ పసుపో తేల్చండి

సౌర ఘటంలో కాంతిని పీల్చుకునే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థపు పొర నిన్న సాయంత్రం నల్లగా నిగనిగలాడి, తెల్లారేసరికి పసుపుబారి కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా తేమ పట్టిందని రాసేసి కొత్త పొర వేయడానికి తొందరపడకండి. పాడైన ఆ ముక్కను పారేయకండి, మీకు కావలసిన ఆధారం దానిలోనే ఉంది.

సమస్య: పొర పసుపుబారింది

పొర మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ అనే పెరోవ్‌స్కైట్ రకానిది అయితే అది విచ్ఛిన్నమై లెడ్ అయొడైడ్ మిగిలి ఉంటుంది. మిథైల్ అమ్మోనియం బదులు ఫార్మమిడినియం ఉన్న రకంలో ఏదీ విడిపోకుండానే స్ఫటికం అమరిక మారి పసుపు దశలోకి జారవచ్చు. కంటికి రెండూ ఒకటే. స్ఫటికం అమరికను చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌ను రాగి ఎక్స్‌రే గొట్టంతో తీస్తే, లెడ్ అయొడైడ్ శిఖరం టూ తీటా (కిరణం మళ్లిన కోణం) 12.7 డిగ్రీల దగ్గర, పసుపు దశది 11.8 దగ్గర వస్తుంది. యంత్రం అందుబాటులో లేకపోతే ఫార్మమిడినియం ముక్కను పొడి నైట్రోజన్‌లో 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయండి. మళ్లీ నల్లబడితే అది దశ మార్పే. తర్వాతి ద్రావణంలో కొద్దిగా సీజియం కలపండి, నల్లని దశ నిలుస్తుంది.

లెడ్ అయొడైడ్ అని తేలితే భూతద్దం తీసుకోండి. పట్టుకారు పట్టిన మూల నుంచి పసుపు లోపలికి పాకుతోందా? గీత పడిన చోట తేమ చొరబడింది. గాజు మూత వేసి అంచులు సీలు చేయాలి. పొడి నైట్రోజన్‌లో 85 డిగ్రీల దగ్గర ఉంచినా పసుపుబారితే దోషం వేడిది. అప్పుడు మిథైల్ అమ్మోనియం తగ్గించి ఫార్మమిడినియం, సీజియం వైపు మళ్లడమే నా దృష్టిలో సరైన దారి.

సమస్య: పొర వెలిసి పారదర్శకమైంది

నీటితో హైడ్రేట్, అంటే నీటి అణువులు చేరిన స్ఫటికం, ఏర్పడింది. పొడి నైట్రోజన్‌లో తిరిగి నల్లబడవచ్చు. అయినా ఆ నమూనాను కొత్తదానితో సమానంగా లెక్కించకండి.

సమస్య: పొర నల్లగానే ఉంది, సామర్థ్యం పడిపోయింది

వెండి ఎలక్ట్రోడ్‌ను చూడండి. పొరలోని అయొడైడ్ అక్కడిదాకా చేరితే వెండి అయొడైడ్‌గా మారుతుంది. మధ్యలో అడ్డుపొర కావాలి. బంగారం వేస్తే చాలనుకోవద్దు, 70 డిగ్రీల దగ్గర అదీ పెరోవ్‌స్కైట్‌లోకి చొచ్చుకుపోగలదు.

సమస్య: సామర్థ్యం కొలిచిన ప్రతిసారీ వేరే అంకె

లోపల అయాన్లు కదులుతున్నాయి. వోల్టేజీని రెండు దిశల్లోనూ మార్చి కొలవండి, ఆ మార్పు వేగం రాయండి, ఘటం గరిష్ఠ విద్యుత్ శక్తి ఇచ్చే వోల్టేజీ దగ్గర నిలిపి చూడండి.

పసుపు ముక్కలను సింకులో కడగకండి. లెడ్ అయొడైడ్ కొంతవరకు నీటిలో కరుగుతుంది. చేతి తొడుగులు తీయకుండానే వాటిని సీసం వ్యర్థాల డబ్బాలో వేయండి.