వైజాగ్‌లో 1942 యుద్ధం జాడలు ఒక్క పూటలో చూడాలంటే

ముందే చెప్పేస్తున్నా, కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి దిగి, విక్టరీ ఎట్ సీ దగ్గర సెల్ఫీ తీసుకుని ప్రపంచ యుద్ధం చూసేశాం అనుకుంటారు చాలామంది. ఆ స్తూపం 1971 యుద్ధానిది, సబ్‌మెరైన్ నేవీలోకి వచ్చిందే 1969లో. మనకి కావాల్సింది 1942, జపాన్ వాళ్లు వైజాగ్ మీద బాంబులేసిన ఏడాది.

పొద్దున్నే ఎండెక్కకముందు జాలారిపేట వైపు బీచ్‌కి వెళ్లండి. ఇసుకలో మందపాటి కాంక్రీటు గది ఒకటి ఉంటుంది, పిల్‌బాక్స్ అంటారు గానీ అక్కడ అడిగేటప్పుడు బంకర్ అనే అనండి. ఆటు టైమ్ ఫోన్‌లో చూసుకుని మరీ వెళ్లండి, పోటు మీదుంటే సగం నీళ్లలోనే ఉంటుంది. గోడల్లో సన్నటి కంతలు చూడండి, జపాన్ వాళ్లు ఒడ్డెక్కితే లోపల్నుంచి కాల్చడానికి పెట్టినవి.

అక్కడ్నుంచి బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం. అందులో జపాన్ వాళ్లు వేసిన పేలని బాంబు ఉంది, మిగతావి పైపైన చూసినా పర్లేదు, దీని దగ్గర మాత్రం కాసేపు ఆగండి. 1942 ఏప్రిల్ 6, సోమవారం, ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చిన విమానాలు ఇక్కడా కాకినాడలోనూ బాంబులేశాయి. ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది, అంతకు నెల ముందు బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి పోయింది, ఇంక జనం ఊళ్లో ఉంటారా, సర్దుకుని పల్లెలకి పోయారు.

అసలు వైజాగే ఎందుకు అంటే, అది తెలియాలంటే పాతబస్తీలో రాస్ హిల్ ఎక్కాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున హార్బర్ ఎలా దాక్కుందో అక్కడ్నుంచి కనిపిస్తుంది, కలకత్తా మద్రాసు మధ్యలో పెద్ద ఓడలు లోపలికొచ్చి ఆగడానికి ఇంత మంచి చోటు అప్పట్లో ఇంకోటి లేదు. పోర్టు 1933లో తెరిచారు, రాయపూర్ నుంచి రైలు లైనూ ఉంది. బ్రిటిష్ వాళ్ల నౌకాదళం స్థావరం పెట్టి సర్కార్స్ అని పేరు పెట్టింది, మన ఉత్తర సర్కారుల పేరే, ఇప్పటికీ ఐఎన్‌ఎస్ సర్కార్స్ అనే ఉంది. అటువైపు కెమెరా మాత్రం తీయకండి, నేవీ ఏరియా, మాటలు పడాల్సొస్తుంది.

ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) క్యాంపస్ మీదుగా వెళ్తే ఇదీ గుర్తుంచుకోండి, యుద్ధం రోజుల్లో యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు, అప్పుడు వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు.

చివరిగా పెద్దవాళ్లు. "రెండో ప్రపంచ యుద్ధం గురించి చెప్పండి తాతా" అంటే ఎవరూ ఏం చెప్పరు, "బాంబులు పడ్డప్పుడు మీ అమ్మావాళ్లు ఏ ఊరెళ్లారు" అని అడగండి, అప్పుడొస్తాయి కబుర్లు. బర్మా నుంచి నడిచొచ్చినోళ్లు ఉన్నారా అని కూడా అడగండి, 1942లో చాలా తెలుగు కుటుంబాలు అలాగే వచ్చాయి. కంచరపాలెం బర్మా క్యాంప్ వాళ్లు మాత్రం 1960లలో వచ్చినోళ్లు, రెండూ కలిపేసి రాసుకోకండి.