సైన్యంలో మైనారిటీల హక్కులపై స్కూలు ప్రాజెక్టు: సమాచారం ఎక్కడ, ఎలా వెతకాలి

"సైన్యంలో మైనారిటీల హక్కులు" అన్నంత పెద్ద విషయం పెట్టుకుంటే ఆరు పేజీల ప్రాజెక్టు ఎటూ తేలదు. ముందు మైనారిటీ అంటే ఎవరో తేల్చుకోండి. రాజ్యాంగం 29, 30 అధికరణల్లో ఆ మాట వాడింది గానీ నిర్వచనం ఇవ్వలేదు. 1992 నాటి జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం కింద కేంద్రం గుర్తించినవారు ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014లో చేరిన జైనులు. స్కూలు పేపరుకు ఇది చాలు. సైన్యంలో మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంటు దాకా కొనసాగే నియామకం) మీద 2020లో వచ్చిన బబితా పునియా తీర్పు చాలా మంచి విషయమే, కానీ అది వేరే పేపరు. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

ప్రశ్న ఒక్క వాక్యంలో పట్టాలి. ఉదాహరణకు: యూనిఫాం వేసుకున్న మనిషికి తన మతాచారం పాటించే హక్కు ఎంతవరకు ఉంది? ఇక్కడినుంచి అంతా ఈ ప్రశ్న పట్టుకునే చెబుతున్నాం.

మొదట రాజ్యాంగం, తర్వాత చట్టం, తర్వాత నిబంధన, చివర తీర్పు. ఈ వరస తప్పితే తికమకే. 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తుంది. 33వ అధికరణ సైనిక బలగాలకు ప్రాథమిక హక్కులు ఎంతమేరకు వర్తించాలో నిర్ణయించే అధికారం పార్లమెంటుకు ఇస్తుంది. చాలా ప్రాజెక్టులు ఇక్కడే బోల్తా పడతాయి: "సైనికులకు ప్రాథమిక హక్కులు ఉండవు" అని రాసేస్తారు. అది తప్పు. 1950 నాటి ఆర్మీ చట్టం 21వ సెక్షన్ తెరిచి చూడండి, అరపేజీ కూడా ఉండదు. అందులో ఆంక్షలు పెట్టగలిగినవి మూడే: ఒకటి, యూనియన్లలో, రాజకీయ సంఘాల్లో సభ్యత్వం; రెండు, సభల్లో, ప్రదర్శనల్లో పాల్గొనడం; మూడు, పత్రికలతో మాట్లాడటం, రాతలు ప్రచురించడం. మతం మాట ఈ మూడింటిలో లేదు. మరి గడ్డం మీద, గుడి మీద కేసులు ఎక్కడినుంచి వచ్చాయి? యూనిఫాం నిబంధనల నుంచి, పైఅధికారి ఆజ్ఞ పాటించాలన్న క్రమశిక్షణ నుంచి. ఈ తేడా స్పష్టంగా రాయగలిగితే మీ పేపరు సగం గట్టెక్కినట్టే. చట్టాల పూర్తి పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.

తీర్పులు రెండు చాలు. ఒకటి మొహమ్మద్ జుబేర్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, సుప్రీంకోర్టు, 2016 డిసెంబర్ 15. వాయుసేన ఉద్యోగి గడ్డం పెంచుకోవడం మీద కేసు, ఆయన ఓడిపోయారు. పత్రికల శీర్షిక చదివి ఆగిపోకండి. తీర్పులో వాయుసేన 425వ రెగ్యులేషన్ మాటలు వెతకండి: జుట్టు కత్తిరించడాన్ని, గడ్డం గీయడాన్ని ఎవరి మతం నిషేధిస్తుందో వారికి మినహాయింపు. సిక్కులకు ఎందుకు వర్తించింది, ఈ కేసులో ఎందుకు వర్తించలేదు అన్న జవాబు "నిషేధిస్తుంది" అన్న ఆ ఒక్క మాటలో ఉంది. మతం ఏది నిషేధిస్తుందో ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న మీరు లేవనెత్తండి, అది మీ సొంత ఆలోచన అవుతుంది.

రెండోది 2025 మే నెలలో ఢిల్లీ హైకోర్టు తీర్పు. రెజిమెంట్ ప్రార్థనా స్థలం గర్భగుడిలోకి రానన్న క్రైస్తవ అధికారి తొలగింపును కోర్టు సమర్థించింది. ఆ ఏడాది నవంబర్లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. అనువాదంతో అర్థం చేసుకోండి, ఉటంకించేటప్పుడు మాత్రం ఇంగ్లీషు మూలంలోని పేరా నంబరు ఇవ్వండి.

పోలిక కావాలంటే అమెరికాది ఒక్కటి తీసుకోండి. 1986లో గోల్డ్‌మన్ కేసులో యూదు అధికారి టోపీ పెట్టుకోవడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే వాళ్ల కాంగ్రెస్ చట్టం చేసి అనుమతించింది. మన 33వ అధికరణ కూడా ఆ అధికారాన్ని పార్లమెంటు చేతిలోనే పెట్టింది కాబట్టి ఈ పోలిక బాగా అతుకుతుంది.

శాతాల వెంట పడకండి. సైన్యంలో ఏ మతంవారు ఎంతమంది అన్న లెక్క ముస్లింల స్థితిగతులపై వచ్చిన 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోనే లేదు. వాట్సాప్‌లో తిరిగే అంకెలు వేయకండి. ఆర్టీఐ దరఖాస్తుకు 10 రూపాయలే గానీ జవాబుకు 30 రోజుల గడువు, పైగా భద్రత పేరుతో 8వ సెక్షన్ కింద నిరాకరించవచ్చు. ప్రాజెక్టు గడువు రెండు వారాలైతే ఆ దారి వదిలేయండి. దానికి బదులు పార్లమెంటు వెబ్‌సైటులో రక్షణ శాఖ ఇచ్చిన జవాబులు వెతికి, ప్రశ్న నంబరు, తేదీ రాసుకోండి. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ హోంశాఖ కిందివి, వాటిని ఆర్మీ లెక్కలో కలపకండి.

హైదరాబాద్‌లో ఉండటం ఈ విషయంలో అదృష్టమే. సైనిక్‌పురి, తిరుమలగిరి, అల్వాల్ వైపు రిటైరైన సైనికులు చాలామంది ఉంటారు. సర్వీసులో ఉన్నవారిని అడగవద్దు, అనుమతి లేకుండా మాట్లాడితే వాళ్లకే ఇబ్బంది. అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి, కంటోన్మెంటులో ఫొటోలు తీయకండి. "వివక్ష ఉండేదా సార్?" అని అడిగితే లేదనే జవాబు వస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. "పండగ సెలవు ఎవరెవరికి ఎలా ఇచ్చేవారు? మందిర్ పరేడ్‌కి (యూనిట్ అంతా కలిసి ప్రార్థనకు వెళ్లడం) అందరూ వెళ్లేవారా? మీ యూనిట్లో పండిట్, మౌల్వీ, గ్రంథీ, పాద్రీల్లో ఎవరు ఉండేవారు?" అని అడగండి. ఈ మతబోధకులను సైన్యమే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలో నియమించుకుంటుంది. విన్నది రాసేటప్పుడు "ఒక మాజీ సుబేదార్ అనుభవం" అని రాయండి, పేరు వద్దు, సైన్యమంతా ఇంతే అని తేల్చవద్దు.

పాత పుస్తకాలకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. అక్కడ దొరికిన గొప్పవాళ్ల పేర్లతో పేజీ నింపాలనిపిస్తుంది. హైదరాబాద్‌లోనే పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు వాయుసేనాధిపతి. ఆయన గురించి ఒక వాక్యం తప్పక రాయండి. కానీ ఒకరు అంత ఎత్తుకు ఎదిగారన్నది అవకాశానికి ఉదాహరణ మాత్రమే, మామూలు ఎయిర్‌మన్‌కు ఏ హక్కు ఉందన్న మీ ప్రశ్నకు జవాబు కాదు. ఆ వాక్యాన్ని ముందుమాటలో ఉంచి, మిగతా చోటంతా 21వ సెక్షన్‌కు, రెండు తీర్పులకు ఇవ్వండి.