చీటీల డబ్బాతో ఇంటర్వ్యూ ప్రాక్టీసు

మా చెల్లికి బ్రిటన్‌లో మిడ్‌వైఫరీ (కాన్పులు చేయించే చదువు) సీటు కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. నోట్సులో జవాబులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నోరు తెరిస్తే మాత్రం ‘నాకు చిన్నపిల్లలంటే ఇష్టం’ దగ్గరే బండి ఆగిపోయేది.

పాత స్వీటు డబ్బాలో 12 చీటీలు వేశాం. నాలుగు ‘ఎందుకు’ ప్రశ్నలు (నర్సింగ్ కాకుండా ఇదే ఎందుకు లాంటివి), నాలుగు అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) విలువల మీద, నాలుగు సందర్భాలు: ‘నొప్పులు పడుతున్నావిడ పరీక్షకి ఒప్పుకోవట్లేదు, ఏం చేస్తావ్?’ రోజూ సాయంత్రం మూడు చీటీలు. అర నిమిషం ఆలోచన, రెండు నిమిషాలు జవాబు, అంతా ఫోన్‌లో రికార్డింగ్.

అసలు పని వినేటప్పుడు. ‘బిడ్డ’ అన్నప్పుడల్లా కాగితం మీద ఒకవైపు గీత, ‘తల్లి’ అన్నప్పుడల్లా ఇంకోవైపు. మొదటి రోజు 9కి 1! మిడ్‌వైఫ్ ముందు వినాల్సింది తల్లి మాటే కదా. మన పాతకాలం మంత్రసానులకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వారం తిరిగేసరికి 4కి 6 అయింది. ఆడవాళ్ళ ఘోషాసుపత్రిలో అక్క కాన్పుకి తోడున్న సంగతి కూడా చెప్పించాం, పక్క మంచాలవాళ్ళ పేర్లూ వివరాలూ లేకుండా.

బీచ్ రోడ్డులో నడుస్తూ చేద్దామనుకోకండి, గాలి హోరుకి ఒక్క ముక్క వినపడలేదు.

ఒకే చీటీ మూడుసార్లు దాటితే జవాబు బట్టీ అయిపోతుంది, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహమే. మూడోసారి కాగానే చింపేసి కొత్తది రాయండి.