కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాలంటే

మన దగ్గర ఎంఏ ఇంగ్లీషు చేసి, జూనియర్ కాలేజీలోనో డిగ్రీ కాలేజీలోనో కొన్నాళ్లు పాఠం చెప్పి, తర్వాత ఫ్రీమాంట్‌కో శాన్ రమోన్‌కో కాపురానికి వెళ్లి, అక్కడి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) ఇంగ్లీషు చెప్పాలనుకునేవాళ్ల కోసం ఇది. "బీఈడీ ఉండాలా? నెట్, సెట్ పనికొస్తాయా? మళ్లీ చదవాలా?" అని అడుగుతుంటారు. బీఈడీ అక్కర్లేదు, అది స్కూళ్ల సంగతి. నెట్, సెట్ సర్టిఫికెట్లను అక్కడ లెక్కలోకి తీసుకోరు. ఎంఏ ఒక్కటి సరిగ్గా రుజువైతే చాలు. ఆ రుజువు చేయడంలోనే చాలామంది దెబ్బతింటారు.

ఉద్యోగ ప్రకటనల కంటే ముందు మీ దగ్గర్లోని కాలేజీ క్యాటలాగు తెరవండి. ఓలోని, డి ఆంజా, మిషన్, లాస్ పొసిటాస్, ఏదైనా సరే. సాధారణంగా చివరి పేజీల్లో పర్మినెంట్ అధ్యాపకుల పేర్లు, ఎవరు ఎక్కడ ఏం చదివారన్నది ఉంటుంది. అయిదు నిమిషాలు చదివితే ఆ డిపార్ట్‌మెంటు ఎలాంటివాళ్లను తీసుకుంటుందో అర్థమైపోతుంది. పీహెచ్‌డీలు ఉంటారు గానీ నడిపించేది ఎంఏలే. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) యూనివర్సిటీల్లో ఎంఏ చేస్తూ అక్కడే ఫస్టియర్ వాళ్లకు రైటింగ్ క్లాసులు చెప్పినవాళ్లు, కమ్యూనిటీ కాలేజీలోనే చదువు మొదలుపెట్టి పైకి వెళ్లినవాళ్లు, కథలూ కవిత్వమూ రాసే ఎంఎఫ్‌ఏలు, అక్కడక్కడా ఒక మాజీ జర్నలిస్టు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది రాయడం నేర్పిన అనుభవం. మన సీవీల్లో కనిపించనిది అదే.

అర్హత రాష్ట్రమంతటా ఒకటే, 116 కాలేజీలకూ వర్తిస్తుంది. ఇంగ్లీషు, లిటరేచర్, కంపారెటివ్ లిటరేచర్, కంపోజిషన్, వీటిలో ఏదో ఒకదానిలో మాస్టర్స్ ఉండాలి. అది ఉంటే కింద బీటెక్ ఉన్నా బీకామ్ ఉన్నా అడ్డు లేదు. ఒకవేళ మాస్టర్స్ లింగ్విస్టిక్స్‌లోనో, టీఈఎస్‌ఎల్‌లోనో (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీషు బోధించడం), క్రియేటివ్ రైటింగ్‌లోనో, జర్నలిజంలోనో ఉంటే, అప్పుడు బ్యాచిలర్స్ మాత్రం పై నాలుగింటిలో ఒకదానిలో ఉండి తీరాలి. హైదరాబాద్ ఇఫ్లూలో ఇంగ్లీషు బోధన మీద మాస్టర్స్ చేసినవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు: ఆ బోధన, అంటే ఈఎస్‌ఎల్ అన్నది, అక్కడ వేరే సబ్జెక్టు, దాని అర్హతలు వేరు, చాలాచోట్ల డిపార్ట్‌మెంటూ వేరు. వాళ్లు ముందు ఈఎస్‌ఎల్ ప్రకటనలు చూసుకోవడం మేలు.

(టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు లెక్క వేరు. డాలస్ చుట్టుపక్కల కాలేజీలు మాస్టర్స్‌తోపాటు, ఆ సబ్జెక్టులో కనీసం 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్ గంటలు ఉన్నాయా అని చూస్తాయి.)

ఇక కాగితాలు. మన డిగ్రీని అమెరికా లెక్కల్లోకి మార్చి చెప్పే నివేదిక కావాలి. నేసెస్ (విదేశీ డిగ్రీలను లెక్కగట్టే సంస్థల సంఘం) సభ్యత్వం ఉన్న డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థల నుంచే తీసుకోండి. రకాల్లో "కోర్స్ బై కోర్స్" అన్నదే ఎంచుకోండి. డిగ్రీ పేరు మాత్రమే ఉండే చవక నివేదిక తీసుకుంటే, మళ్లీ డబ్బు కట్టి రెండోది తెప్పించుకోవాల్సి వస్తుంది. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) పెట్టుకుని ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోకుండా విమానం ఎక్కినవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు నేరుగా ఆ సంస్థకు వెళ్లాలంటారు కాబట్టి, ఊళ్లో తిరగగలిగే మనిషి ఒకరు ఉండాలి. దీనికి నెలలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి.

పేరు సంగతి ఇంకా తిరకాసు. మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. మూడూ ఒకే మనిషివని చూపే కాగితం, అంటే మ్యారేజ్ సర్టిఫికెటో అఫిడవిటో, ఫైలుతోపాటే పంపండి.

నివేదిక వచ్చాక చివరి వరుస చదవండి. మూడేళ్ల బీఏ మీద రెండేళ్ల ఎంఏని అన్ని సంస్థలూ ఒకేలా లెక్కగట్టవు. "మాస్టర్స్ డిగ్రీకి సమానం" అని స్పష్టంగా ఉంటే సరే. లేకపోతే దరఖాస్తుతోపాటు ఈక్వివలెన్సీ ఫారం నింపాలి. దాన్ని ఆ జిల్లా (ఒకటో రెండో అంతకంటే ఎక్కువో కాలేజీలను నడిపే పాలక పరిధి, మన జిల్లా లాంటిది కాదు) అధ్యాపకుల కమిటీ చూస్తుంది. ఒక జిల్లా ఒప్పుకున్నంత మాత్రాన పక్క జిల్లా ఒప్పుకోవాలని లేదు. గడువులోపు నివేదిక జతచేయని దరఖాస్తును హెచ్‌ఆర్ వాళ్లే పక్కన పడేస్తారు, డిపార్ట్‌మెంటు దాకా వెళ్లదు.

సీవీలో ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరం తీసేయండి. 62 శాతం అని రాయకండి. మన దగ్గర ఫస్ట్ క్లాసే, అక్కడ గట్టెక్కిన మార్కులా కనిపిస్తుంది. "ఫస్ట్ క్లాస్" అని రాసి ఊరుకోండి.

ప్రకటనల కోసం సీసీసీ రిజిస్ట్రీ సైటు, కాలేజీల సొంత పేజీలు చూస్తే చాలు. పర్మినెంట్ పోస్టులకు చలికాలంలో పిలుపు, వసంతంలో ఇంటర్వ్యూలు, ఆగస్టులో చేరిక. పార్ట్‌టైమ్‌కు "పూల్" పేరుతో చాలా కాలేజీలు ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటాయి. కొత్తవాళ్లకు తలుపు తెరుచుకునేది ఇక్కడే. పార్ట్‌టైమ్‌కు చట్టపరమైన పరిమితి ఉంది: ఒకే జిల్లాలో ఫుల్ లోడులో (పర్మినెంట్ అధ్యాపకుడి పూర్తి పని) 67 శాతం దాటకూడదు. ఫుల్ లోడు 15 యూనిట్లనుకుంటే పదికి కాస్త పైన, అంటే నాలుగు యూనిట్ల క్లాసులు రెండే. అందుకే చాలామంది రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతుంటారు. వాళ్లకు ఫ్రీవే ఫ్లయర్లని పేరు కూడా ఉంది. ఫుట్‌హిల్, డి ఆంజా ఒకే జిల్లా. షబో, లాస్ పొసిటాస్ కూడా అంతే. కాలేజీలు రెండైనా పరిమితి ఒక్కటే.

ఇంటర్వ్యూలో అందరినీ రాసిపెట్టుకున్న అవే ప్రశ్నలు అడుగుతారు, మధ్యలో ముచ్చట్లుండవు. ముఖం మీద నవ్వు లేదని కంగారుపడొద్దు, వాళ్లు నోట్సు రాసుకుంటుంటారు. ఏబీ 705, ఏబీ 1705 గురించి తెలిసి ఉండాలి. 2017లో, 2022లో వచ్చిన ఈ చట్టాల వల్ల రెమెడియల్ క్లాసుల (వెనకబడినవాళ్లకు ముందుగా చెప్పే పునాది క్లాసులు) మెట్లు దాదాపు పోయి, విద్యార్థులు నేరుగా యూనివర్సిటీ స్థాయి రైటింగ్ క్లాసులో కూర్చుంటున్నారు. 2025 ఆగస్టు నుంచి ఆ కోర్సు నంబరు ఇంగ్లీష్ సీ1000. ఒకే గదిలో పద్దెనిమిదేళ్ల కుర్రాడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నలభయ్యేళ్ల తల్లి, నిన్నమొన్న ఇంగ్లీషు నేర్చుకున్నవాడు. వీళ్లందరితో ఎలా నెగ్గుకొస్తారన్నదే అసలు ప్రశ్న.

డెమోకు పది, పదిహేను నిమిషాలు ఇస్తారు. మనవాళ్లు కీట్స్ మీదో షేక్స్‌పియర్ మీదో అందమైన ఉపన్యాసం ఇచ్చి వస్తారు, పని పోతుంది. చిన్నది ఒకటి పట్టుకోండి: తెచ్చిన కొటేషన్‌ను సొంత వాక్యంలో ఎలా ఇమడ్చాలో. రెండు నిమిషాలు చూపించడం, ఆరు నిమిషాలు కమిటీవాళ్ల చేతే రాయించడం, మిగతా సమయం వాళ్లు రాసింది బోర్డు మీద సరిచేయడం. నోట్సు డిక్టేట్ చేయొద్దు.

విద్యార్థి వ్యాసం ఒకటిచ్చి ఏం వ్యాఖ్య రాస్తారనీ అడగొచ్చు. ప్రతి ఆర్టికల్‌నీ, ప్రిపోజిషన్‌నీ ఎర్రగా గీస్తే తప్పుదారి పట్టినట్టే. ముందు వాదన ఏమిటి, దానికి ఆధారం ఉందా అన్నవి పట్టుకోండి. వ్యాకరణంలో మళ్లీ మళ్లీ వచ్చే తప్పు ఒక్కటి చెప్పండి. వ్యాసానికి 20 నిమిషాలనుకున్నా, 25 మంది ఉంటే ఎనిమిది గంటలు దాటుతుంది. ఈ లెక్క తెలిసినవారిగా మాట్లాడండి. మాటల్లో "డౌట్ ఉంది", "ప్రీపోన్", "పాస్డ్ అవుట్" దొర్లకుండా చూసుకోండి. చివరిదానికి అక్కడ మూర్ఛపోయాడని అర్థం.

ఎంపికయ్యాక వేలిముద్రలు, టీబీ పరీక్ష. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష లేనిపోని పాజిటివ్ చూపించొచ్చు. రక్తపరీక్షే అడగండి. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకు ఈఏడీ కార్డు (పని చేసేందుకు అనుమతి) లేకుండా చేరే వీల్లేదు. గడువు 180 రోజులుండగానే రెన్యువల్ పెట్టుకోవచ్చు, సెమిస్టర్ మధ్యలో కార్డు అయిపోతే క్లాసు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది.

పార్ట్‌టైమ్ పిలుపు తరచూ తరగతులు మొదలయ్యే వారం ముందు వస్తుంది, ఆగస్టులోనో జనవరిలోనో. అప్పటికి సిలబస్ ముసాయిదా, మొదటి రెండు వారాల పాఠాలు సిద్ధంగా పెట్టుకోండి. క్యాన్వాస్ (పాఠాలు, అసైన్‌మెంట్లు పెట్టే ఆన్‌లైన్ వేదిక) ఉచిత ఖాతా తెరిచి చేయి తిప్పుకోండి. ఫోన్ ఎత్తకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతారు.