ఎలుక పేగులో నులిపురుగు: బోర్డు మీద ఈ పాఠం ఎలా చెప్పాలి

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. రోగనిరోధక శక్తి పాఠంలో బ్యాక్టీరియా, వైరస్‌ల దాకా అందరం బాగానే చెప్తాం. నులిపురుగుల దగ్గరికి వచ్చేసరికి 'ఐజీఈ, ఇసినోఫిల్స్' అని ఒక యాంటీబాడీ పేరు, ఒక రకం తెల్ల రక్తకణాల పేరు, రెండు ముక్కలు రాయించి పేజీ తిప్పేస్తారు చాలామంది. నాకు అక్కడే మనసొప్పదు. పురుగును వదిలించుకోవడానికి పేగు తనను తానే మార్చుకుంటుంది. అసలు సంగతి అది. తోటి లెక్చరర్లయినా, సొంతంగా చదువుకునే పిల్లలయినా ఈ వరుసలో పోతే పాఠం ఒంటబడుతుంది.

ముందు ఒక దారపు ఉండ తెప్పించండి. ఎలుకల మీద ప్రయోగాల్లో ఎక్కువగా వాడే పురుగుల్లో నిప్పోస్ట్రాంజైలస్ బ్రెసీలియెన్సిస్ ఒకటి. పెద్ద పురుగు పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. తెల్ల రక్తకణం అడ్డుకొలత దాదాపు మిల్లీమీటరులో వందో వంతు. బోర్డు మీద సుద్దముక్కతో ఒక సెంటీమీటరు చుక్క పెట్టి 'ఇది కణం' అనండి. అదే లెక్కన పురుగు ఎంత పొడవుండాలో పిల్లలనే లెక్కగట్టమనండి. 4 మీటర్లు వస్తుంది. ఇద్దరు పిల్లలు దారం చెరో కొస పట్టుకుని దూరం జరిగితే తరగతి మొత్తానికి విషయం కళ్లముందుంటుంది. ఆ చుక్క ఈ దారాన్ని మింగగలదా అని అడగండి. ప్రతి జవాబులో 'ఫాగోసైటోసిస్' (కణం శత్రువును మింగేయడం) అని రాసేసే అలవాటు అక్కడితో పోతుంది. పురుగును మింగలేని శరీరం దాన్ని బయటికి నెట్టేయాలి.

తర్వాత రోజుల లెక్క రాయించండి. ల్యాబ్‌లో పిల్ల పురుగులను చర్మం కిందికి ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజుల్లో అవి ఊపిరితిత్తులు చేరతాయి. అక్కడి నుంచి గొంతులోకి వచ్చి, ఎలుక మింగడంతో మూడు నాలుగో రోజుకు చిన్నపేగులో పడతాయి. మామూలు ఎలుకలో పదో రోజుకల్లా పేగు దాదాపు ఖాళీ. ఇసినోఫిల్స్ లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా మొదటిసారి వచ్చిన ఈ పురుగును వెళ్లగొట్టేస్తాయి. అందుకే ఆ రెండు ముక్కల జవాబు చాలదని నా పట్టుదల.

ఇప్పుడు బోర్డు మధ్యలో పేగు లోపలి పొర గీయండి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. వరుస కణాల మధ్య ఎక్కడో ఒకటి, తలమీద కుచ్చు ఉన్నట్టు గీయండి. అది టఫ్ట్ కణం. మామూలప్పుడు ఈ కణాలు చాలా అరుదు. పురుగు వచ్చినప్పుడు ఇవి ఏం చేస్తాయన్నది 2016లో ఎలుకల మీద పనిచేసిన మూడు బృందాల వల్ల తేలింది. పురుగు చేరిందని పసిగట్టి ఐఎల్-25 అనే సైటోకైన్‌ను, అంటే కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్‌ను, వదిలేది ఇవే. దాన్ని అందుకునేవి పొర కింద కాచుకుని ఉండే ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు. అవి ఐఎల్-13 అనే మరో సైటోకైన్‌ను వదులుతాయి. ఆ ఐఎల్-13 పేగు గుంతల్లో ఉన్న మూలకణాల మీద పనిచేస్తే, కొత్తగా పుట్టే కణాల్లో టఫ్ట్ కణాలు, జిగురు తయారుచేసే గాబ్లెట్ కణాలు ఎక్కువవుతాయి. టఫ్ట్ కణాలు పెరిగితే ఐఎల్-25 ఇంకా పెరుగుతుంది. బాణాలన్నీ కలిసి గుండ్రంగా తిరిగి వచ్చేలా గీయించండి, నోటితో కూడా చెప్పించండి. పేగు పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తగా తయారవుతుంది కాబట్టే ఇంత మార్పు వారంలో సాధ్యం.

ఈలోగా టీహెచ్2 అనే ఒక రకం టీ కణాలు (తెల్ల రక్తకణాలే) వచ్చి ఐఎల్-4, ఐఎల్-13లను ఇంకా పెంచుతాయి. గాబ్లెట్ కణాలు జిగురు కుమ్మరిస్తాయి, పేగులోకి నీరు ఊరుతుంది, పేగు కండరం గట్టిగా ముడుచుకుంటుంది. పురుగు పట్టు తప్పి మలంతో బయటపడుతుంది.

పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే పిల్లల్లో గొర్రెలున్న ఇళ్లవాళ్లుంటారు. 'మేడం, మరి గొర్రెలకు మాటిమాటికి నట్టల మందు ఎందుకు తాపాలె?' అని తప్పక అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. పురుగులన్నీ అంత సులువుగా పోవు. ఎలుకల్లోనే హెలిగ్మోసోమాయిడిస్ పాలీగైరస్ అనే పురుగు నెలల తరబడి ఉండిపోతుంది. అది వదిలే ఒక ప్రోటీన్ ఎలుక సొంత సైటోకైన్ టీజీఎఫ్-బీటాలా నటించి, రోగనిరోధక శక్తిని అణిచే టీ కణాలను పెంచుతుంది. మనుషుల్లోనూ ఏలిక పాములు, కొంకి పురుగులు మందుతో పోయినా మళ్లీ వస్తాయి. 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ వేస్తున్నది అందుకే. ఎలుకలో తేలిన ప్రతి వివరాన్నీ మనిషికి అలాగే అంటగట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

పాఠం ఎక్కిందో లేదో చూడాలంటే రెండు ప్రశ్నలివ్వండి. మొదటిది: ఐఎల్-4, ఐఎల్-13ల కబురును కణం లోపలికి చేరవేసే స్టాట్6 అనే ప్రోటీన్ లేని ఎలుకలో నిప్పోస్ట్రాంజైలస్ ఏమవుతుంది? పోదు, పేగులోనే ఉండిపోతుంది. గుండ్రటి బాణాలను అర్థం చేసుకున్న పిల్లలు ఇది చెప్పేస్తారు. రెండోది కొంచెం కష్టం. ట్రైకూరిస్ మ్యూరిస్ అనే మరో పేగు పురుగు గుడ్లు ఒకేసారి ఎక్కువగా మింగించిన ఎలుక పురుగును వదిలించుకుంటుంది, కొద్ది గుడ్లే మింగిన అదే జాతి ఎలుకలో పురుగు తిష్ట వేస్తుంది. ఎందుకు? పురుగులు ఎక్కువైతే టీహెచ్2 స్పందన వస్తుంది, కొద్దిగా ఉంటే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సైటోకైన్‌ను వదిలే టీహెచ్1 కణాల వైపు మొగ్గుతుంది. అది ఈ పురుగు మీద పనిచేయదు.